కరువు పనిలో లేచిన కమానులు

ఐర్లండ్‌లో డబ్లిన్ నగరానికి పడమరగా ఇరవై కిలోమీటర్లు పోతే కిల్డేర్ కౌంటీలో సెల్‌బ్రిడ్జ్ అనే ఊరు వస్తుంది. ఆ ఊరి అంచున కాసిల్‌టౌన్ హౌస్ అనే పెద్ద భవంతి ఉంది. మేడ మీద లాంగ్ గ్యాలరీ కిటికీల దగ్గర నిలబడి ఉత్తరంగా చూస్తే, పొలాలకు ఆవల ఒక వింత కట్టడం కనిపిస్తుంది. కమానుల మీద కమానులు, వాటి నెత్తిన కోసుగా పైకి సాగిన రాతి స్తంభం, అక్కడక్కడ రాతి అనాసపండ్లు, రాతి గద్దలు. ఎత్తు 140 అడుగులు. అది నివాసం కాదు, గుడీ కాదు. ఎస్టేట్లలో ఇలా చూపు కోసమే కట్టిన కట్టడాలను ‘ఫాలీ’ అంటారు. దీని పేరు కానలీస్ ఫాలీ. కట్టించింది ఒక వితంతువు, కాలం 1740. ఆ ఏడాది ఐర్లండ్‌లో ఏం జరిగిందో తెలిస్తేనే ఈ రాళ్లు ఎందుకు లేచాయో అర్థమవుతుంది.

కాసిల్‌టౌన్ యజమాని విలియం కానలీ. డోనెగల్ ప్రాంతంలో ఒక పూటకూళ్ల ఇంటివాడి కొడుకుగా పుట్టి, యుద్ధంలో ఓడినవారి నుంచి జప్తయిన భూములు కొని అమ్మి, ఐర్లండ్‌లోకెల్లా ధనవంతుడై, పార్లమెంటు స్పీకర్ అయ్యాడు. 1722లో మొదలుపెట్టిన భవంతి పూర్తి కాకుండానే 1729లో పోయాడు. పిల్లలు లేరు. ఎస్టేట్ వ్యవహారం భార్య క్యాథరీన్ చేతికి వచ్చింది.

1739 డిసెంబరు చివర యూరప్ మీద చలి విరుచుకుపడింది. డబ్లిన్‌లో లిఫీ నది గడ్డకట్టింది, నీటితో నడిచే పిండిమరలు ఆగిపోయాయి. పేదవాడి తిండి బంగాళాదుంప. దాన్ని తవ్వి ఇంట్లో పోసుకోకుండా నేలలోనే, లేదా పైన కాస్త మట్టి కప్పి గుంటల్లో ఉంచుకునేవారు. మంచు నేలలోకి దిగి తిండి దుంపలనూ విత్తన దుంపలనూ కుళ్లబెట్టింది. చలి తగ్గాక వసంతంలో వానలు లేవు. పశువులు చచ్చాయి, ధాన్యం ధర పెరిగింది. 1741 నాటికి జ్వరాలు, రక్త విరేచనాలు ఊళ్ల మీద పడ్డాయి. అప్పటి జనాభా సుమారు 24 లక్షలు. అందులో 3 లక్షల నుంచి 4.8 లక్షల మంది పోయారని చరిత్రకారుల అంచనా. ఐరిష్ జనం 1741కి పెట్టుకున్న పేరు ‘ఊచకోత ఏడాది’.

ఆ కాలంలోనే క్యాథరీన్ ఈ ఫాలీ పని మొదలుపెట్టింది. నమూనా గీసింది రిచర్డ్ కాసెల్స్ అని చెబుతారు. జర్మనీ నుంచి వచ్చి ఐర్లండ్‌లో పెద్దపెద్ద భవంతులు కట్టిన వాస్తుశిల్పి ఆయన. సెల్‌బ్రిడ్జ్ చుట్టుపక్కల పేదలకు పని చూపించడం దీని ఉద్దేశం. మామూలు స్తంభం ఒక్కటే నిలబెట్టి ఉంటే పని త్వరగా తీరిపోయేది. కమానుకైతే ముందు కర్రతో సెంట్రింగ్ కట్టాలి, ప్రతి రాయినీ ఏటవాలుగా చెక్కాలి, నడిమి రాయి కూర్చున్నాక సెంట్రింగ్ విప్పి పై వరసకు మళ్లీ మొదలుపెట్టాలి. మేస్త్రీ వెనక రాయి మోసేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు కావాలి. ఇంత చేతిపని పట్టే నమూనా కరువు పనికి సరిగ్గా సరిపోయింది. కూలి రోజుకు అర పెన్నీ అని చెప్పుకుంటారు.

అయితే దయ ఒక్కటే దీని వెనక లేదు. క్యాథరీన్ చెల్లెలు మేరీ జోన్స్ 1740లో రాసిన ఉత్తరంలో, భవంతి వెనకవైపు చూపు ఆనేందుకు అక్క స్తంభం కట్టిస్తోందని, దానికి మూడు నాలుగు వందల పౌన్లు, ఇంకా ఎక్కువే అవుతుందని, ఇంత ఖర్చు ఎలా తట్టుకుంటోందోనని రాసింది. అందులో ఆమె చెప్పింది అందం, డబ్బు. అక్క మనసులో రెండు కోరికలూ ఉండి ఉంటాయనే నేను నమ్ముతాను. కిటికీ నుంచి కనిపించే అందం కోసం డబ్బు తీసిన మనిషి, దాన్ని కరువు ఏడాదిలోనే తీసింది. కడుపు కాలేవాడికి ఆ తేడా చిన్నది కాదు.

ఊరికే ధాన్యం పంచొచ్చు కదా? పని చేయించకుండా తిండి పెడితే మనుషులు చెడిపోతారని ఆనాటి దొరల గట్టి నమ్మకం. డబ్లిన్ దక్షిణాన కిల్లైనీ కొండ మీద జాన్ మేపస్ అనే దొర 1742లో ఇలాంటిదే ఒక స్తంభం కట్టించి, గడిచిన ఏడు పేదలకు కష్టకాలం కాబట్టి కట్టించానని రాతి మీద చెక్కించాడు. ఆ నమ్మకమే శతాబ్దం దాటి మన దాకా వచ్చింది. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ కరువులో కర్నూలు, కడప, బళ్లారి జనం మాడిపోతుంటే, రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారి కరువు పనుల్లో రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, పైన ఒక అణాకు తగ్గించాడు. ఎండిపోయిన దేహంతో మట్టి మోయించి ఇచ్చే ఆ కాస్త కూలి నా దృష్టిలో దానం కాదు, అన్యాయం.

క్యాథరీన్ అక్కడితో ఆగలేదు. 1743లో లీక్‌స్లిప్ అనే ఊరి దగ్గర వండర్‌ఫుల్ బార్న్ అనే గాదె కట్టించింది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా గుండ్రటి కట్టడం. వెలుపలి గోడను చుట్టుకుంటూ 94 మెట్లు. మళ్లీ కరువు వస్తే ఆదుకునే ధాన్యం దాచడానికే కట్టించిందని అంటారు. ఇదీ భవంతి నుంచి కనిపించేలా నిలిపిందే. కమానుల కన్నా ఈ గాదే ఆమె గొప్ప కట్టడమని నా తీర్పు. కూలి పని ముగిసిన రోజుతో ఆగుతుంది, గాదెలో గింజ మరుసటి ఏడాదికి మిగులుతుంది.

కాలక్రమంలో ఫాలీ శిథిలమైంది. 1958లో డెస్మండ్, మరిగా గిన్నిస్ దంపతులు స్థాపించిన ఐరిష్ జార్జియన్ సొసైటీ 1960ల్లో దాన్ని బాగు చేయించింది, ఆ కమానుల బొమ్మనే తన గుర్తుగా పెట్టుకుంది. 1989లో మరణించిన మరిగాను ఫాలీ కిందే సమాధి చేశారు.

డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువారు, అక్కడికి చుట్టపుచూపుగా వెళ్లేవారు కాసిల్‌టౌన్ చూసి వెనుదిరగకండి. ఫాలీ దాకా వెళ్లండి, ఆ తర్వాత లీక్‌స్లిప్ గాదె కూడా చూడండి.