ధాన్యసురా చరిత్రము - మన కులవిద్య



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములయందలి మన ఈడిగ కులస్థుల వార్షిక మహాసభా సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుఁడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. వంశావళులు వ్రాయువారు కలరు. దాతల గుణములు కొనియాడువారు కలరు. మేము సంస్కృతము చదివి, ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పి, విశ్రాంతి గైకొన్నవారము. ఏమి వ్రాయుదుమా యని తలపోయుచుండఁగా అమెరికాదేశమునుండి మా పూర్వశిష్యుఁడొకఁడు వ్రాసిన యుత్తరము చేరినది. ఈ వ్యాసమున కదియే కారణము.

అతఁడు పెనుకొండ చేరువ పల్లెవాఁడు. తాత ఈతచెట్లు గీచి బ్రతికినవాఁడు. మనుమఁడు చదువుకొని సముద్రములు దాటెను. ఆ దేశమున గృహస్థుఁడు తన వాడుకకై ఇంటిలో బీరు చేసికొనుటకు 1978-వ సంవత్సరపు చట్టము ననుసరించి అనుమతి కలదు. శిష్యుఁ డంతకుముందు అంగడిలో దొరకు మాల్టు పాకముతో రెండు మూఁడుసార్లు చేసి చూచెనఁట. ఈసారి పాకము ముట్టక, కేవలము ధాన్యముతోనే మొదటినుండి చివరిదాఁక తానే చేసెను. నాలుగున్నర కిలోల బార్లీ మాల్టును మఱపట్టి, వేఁడినీటఁ గలిపి, 66 డిగ్రీల వెచ్చదనమున ఒక గంటసేపు నిలిపెను. అయితే పిండి మిక్కిలి మెత్తనగుటచేత అంతయు జిగురై అడుగునుండి ద్రవము చుక్కయైన దిగలేదు. అర్ధరాత్రివఱకు తంటాలుపడి, కడకు వరిపొట్టు తెచ్చి కలుపఁగా సందులేర్పడి తియ్యని రసము ధారగా దిగెను. దానిని హాప్సుపూలతో గంటసేపు కాచి, చల్లార్చి, పులియఁజేయు ఈస్టును వేసి రెండు వారములు కదలింపక యుంచెను. పిదప సీసాలకెత్తి మఱి రెండు వారములకు మిత్రులకుఁ బోసెను. ఇంచుమించు 19 లీటర్లు సిద్ధించినదఁట.

ఉత్తరము చివర నిట్లు వ్రాసెను: "అయ్యవారూ, మా తాత చేసిన పనికి మేము ఊరిలో తలవంచుకొంటిమి. అటువంటి పనియే నేను చేసితినని ఇచ్చటివారు చప్పట్లు కొట్టిరి. ఇది విద్యయా, దోషమా? మీరు చదివిన గ్రంథము లేమి చెప్పుచున్నవి?"

ఈ ప్రశ్నకు మేము ముప్పదియేండ్లుగా బాకీ యున్నాము. 1995-వ సంవత్సరము జనవరి 16-వ తేదీన సంపూర్ణ మద్యనిషేధ మమలులోనికి వచ్చెను. అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు మన హిందూపురమునుండియే శాసనసభకు ఎన్నికయినవారు గాన, ఈ ప్రాంతమున నెక్కడఁ జూచినను ఆ ముచ్చటయే. ఆ దినములలో పదియవ తరగతిలో మేము మనుస్మృతి ప్రస్తావన తెచ్చి, గౌడి, పైష్టి, మాధ్వి యని సుర మూఁడు విధములనియు, అది ద్విజులకు మహాపాతకహేతు వనియు వివరించితిమి. తరగతిలోనివారు కొందఱు ఈ బాలునివైపు తిరిగి నవ్విరి. వాఁడు తలవంచెను. మేమును ఆ కులమువారమే. ఆ సంగతి వానికిఁ దెలియును. అయినను నాఁడు మేమొక మాటయు ననక తరువాతి పాఠమునకుఁ బోయితిమి. మనువు మాట చెప్పుట తప్పు గాదు. గ్రంథములలో నున్న తక్కిన మాటలు చెప్పకపోవుట తప్పు. ఆ తక్కిన మాటల నిప్పుడు చెప్పుచున్నాము.

మొదట నొక భేదము గ్రహింపవలెను. చెట్టుకల్లునకుఁ జక్కెర ప్రకృతియే సిద్ధము చేసి యిచ్చుచున్నది. ఈతరసము కుండలోఁ బడినది మొదలు తనంతట పులియును. దానిని పులియకుండ నిలుపుటయే కష్టము. అందుకే తీపికల్లు కావలసినచోఁ గుండకు సున్నము పూయుదురు. ధాన్యమున నట్లు గాదు. గింజలోని పిండి తాళము వేసిన పెట్టె వంటిది. ఆ తాళము తీసినఁగాని చక్కెర రాదు. చక్కెర లేనిది పులియదు. తాళము తీయుటకు మనుష్యుఁడు రెండుపాయములు కనిపెట్టెను. ఒకటి గింజను మొలకెత్తించుట. రెండవది బూజుపట్టిన పిండిముద్దను మూలికలతోఁ జేర్చి కలుపుట. పాశ్చాత్యులు మొదటిదానిని, తూర్పుదేశములవారు రెండవదానిని విశేషముగాఁ బట్టుకొనిరి. మన పూర్వులు రెండును ఎఱిఁగిన వారు.

శతపథబ్రాహ్మణమున సౌత్రామణీ యను యాగము వర్ణింపఁబడినది. దానికి సుర కావలెను. ఆ సురకుఁ గావలసిన సంభారములు శష్పము, తోక్మము, లాజలు, నగ్నహువు. మొలకెత్తిన వడ్లు శష్పములు, మొలకెత్తిన యవలు తోక్మములు, పేలాలు లాజలు, పులియఁజేయు మందు నగ్నహువు. శష్పములను సీసమునకును, తోక్మములను ఉన్నికిని, లాజలను నూలునకును మాఱుగాఁ గొనవలెనని విధి. సుర మూఁడు రాత్రులు నిలువవలెను. నేఁడు మాల్టు అనుచున్నది తోక్మము గాక మఱేమి? మా శిష్యుఁడు బార్లీ మాల్టు కొని తెచ్చినపుడు, తా నెంత ప్రాచీనమైన సంభారమును సంచిలో మోసికొని పోవుచున్నాఁడో యెఱుఁగఁడు. అమరసింహుఁడును తన నిఘంటువున కిణ్వము, నగ్నహువు అను పదములను పర్యాయములుగాఁ జెప్పి, శౌండికునకు మండహారకుఁ డను పేరు నిచ్చెను. శాస్త్రము పేరుపెట్టని వృత్తి కాదిది.

ఇఁక కౌటిల్యుని యర్థశాస్త్రము. చిరకాలము మఱుఁగుపడియున్న ఈ గ్రంథమును మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున రుద్రపట్టణము శామశాస్త్రిగారు తాళపత్రములనుండి యుద్ధరించి 1909-లో ముద్రింపించిరి. మైసూరు మన హిందూపురమునకు దూరము గాదు. ఈ కీర్తి మన పొరుగువారిది. ఇందు సురాధ్యక్షుఁ డను అధికారిని గూర్చి ప్రత్యేక ప్రకరణము గలదు. మేదక మను ధాన్యసురకు ఒక ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూఁడు ప్రస్థములు కిణ్వము కావలెనని కొలతలతోఁ జెప్పెను. ద్రోణమునకుఁ బదియాఱు ప్రస్థములు గాన, నీరు పదియాఱు పాళ్ళు, బియ్యము రెండు పాళ్ళు, కిణ్వము మూఁడు పాళ్ళు అగుచున్నది. ఆ కిణ్వమును సహితము మినుములు, బియ్యము, మూలికలు చేర్చి యెట్లు చేయవలెనో వివరించెను. కిణ్వ సంభారములను సేకరించు పని స్త్రీలును బాలురును చేయవలె ననెను. అనఁగా ఈ విద్య యింటింటి చేతులలో నుండిన దన్నమాట.

అంతకన్న ముఖ్యమైన మాట యొకటి కలదు. నియమిత స్థలమునఁ గాక అన్యత్ర సుర చేయువారికిని, కొనువారికిని, అమ్మువారికిని ఆఱునూఱు పణముల దండన విధించిన యా కౌటిల్యుఁడే, కుటుంబులు శుభకార్యములయందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును చేసికొనవచ్చుననియు, ఉత్సవములందును జాతరలందును నాలుగు దినములు అనుమతి యీయవలెననియుఁ జెప్పెను. దండనయు, అనుమతియు ఒకే ప్రకరణమున నున్నవి. సుర రాజ్యమునకు ఆదాయమనియు, అదుపు తప్పిన ననర్థమనియు, గృహస్థుని పండుగలో దానికొక చోటు గలదనియు నతఁ డెఱుఁగును. మే మాదినము తరగతిలో మనువు పక్కన కౌటిల్యునిఁ గూర్చుండఁబెట్టి యుండవలసినది.

కిణ్వవిధాన మిప్పటికిని నశింపలేదు. విశాఖ మన్యమునకు ఆవలి కొరాపుట్టు కొండలలో గదబలు, పోరజలు బియ్యముతోను, రాగులతోను లాండా యను పానీయమును చేయుదురు. సిక్కిము, నేపాళ ప్రాంతములలో రాగులనే పులియఁబెట్టి వెదురుపాత్రలలో వేఁడినీరు పోసి త్రాగుదురు. మన సంగటిముద్ద గింజయే అచ్చట పండుగపానీయ మగుచున్నది.

పాశ్చాత్యుల చరిత్ర కొంచెము చెప్పుదము. జర్మనీలోని బవేరియా ప్రభువులు 1516-లో బీరునకు బార్లీ, హాప్సు, నీరు తప్ప వేఱొకటి చేర్పరాదని శాసించిరి. శ్రీకృష్ణదేవరాయలు సింహాద్రి నర్చించి శాసనము వ్రాయించిన సంవత్సర మదియే. ఆ బవేరియా శాసనమున ఈస్టు మాట లేదు. అది యొక ప్రాణియని నాఁ డెవరికిని దెలియదు. పందొమ్మిదవ శతాబ్దమున లూయీ పాశ్చరు పులియుట సూక్ష్మజీవుల పనియని నిరూపించి, 1876-లో బీరును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1883-లో డెన్మార్కు దేశీయుఁడగు హాన్సెను ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచెను. మన దక్షిణదేశమున 1915-లో థామస్ లీష్‌మన్ కొన్ని కార్ఖానాలను గూర్చి యునైటెడ్ బ్రూవరీసు సంస్థ నేర్పఱచెను. అది బెంగుళూరున వర్ధిల్లినది. హిందూపురమున రైలెక్కిన కొన్ని గంటలలోఁ జేరఁదగిన యూరు.

ఇఁక మన యింటి మాట. మన సీమ వానలు కొఱఁతపడిన సీమ. బార్లీ పండదు, రాగి పండును. హిందూపురము చుట్టుపట్ల నే యింటి పెద్దమ్మ నడిగినను చెప్పును: రాగుల నొకరాత్రి నానవేసి, గుడ్డలో మూటగట్టి, మొలక రాఁగానే యారఁబెట్టి, విసరి, పసిబిడ్డలకు జావ కాచుదురు. మొలకెత్తని రాగిపిండి జావ గట్టిపడును. మొలకెత్తిన దాని జావ పలుచనై, తియ్యనై, బిడ్డ కడుపునిండఁ ద్రాగును. ఏలనఁగా మొలకలోఁ బుట్టిన పదార్థము పిండి తాళమును తీసినది. బడిలో అయొడిన్ చుక్క వేసి చూపినచో పిండి యున్నంతవఱకు నీలవర్ణము కనఁబడును; పిండి చక్కెరగా మాఱినకొలఁది నీలము తగ్గును. బీరుచేయు విద్యలో సగము ఇదియే. ఆ సగము మన తల్లుల చేతిలో నున్నది. పులియు గుణము నెఱిఁగి మట్టుపెట్టు తక్కిన సగము మన తాతల చేతిలో నుండెను. రెండును కలిపి చూచువారు లేకపోయిరి.

అయిన నొక హెచ్చరిక. ఈ వ్యాసము చదివి యెవరైన నింటిలో కుండ పెట్టుదురేమో! మన రాష్ట్రమున 1968-వ సంవత్సరపు ఎక్సైజు చట్టము ప్రకారము అనుమతి లేక మద్యము తయారుచేయుట నేరము. అమెరికాలోని గృహస్థుని న్యాయ మిచ్చటఁ జెల్లదు. మఱియు సారాయి మన పల్లెలలోఁ జేసిన చెఱుపు మఱువఁదగినది గాదు. 1992-లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఊరకే లేవలేదు. వారి యుద్యమముచేతనే 1993-లో సారాయి నిషేధింపఁబడెను. సంపూర్ణ నిషేధము 1997-లో సడలింపఁబడినను, ఆ తల్లుల కన్నీరు అబద్ధము గాలేదు. కల్లులో మత్తుమందులు కలిపి యమ్మినవారు మన తాతల పేరు చెఱిచిరి. విద్య వేఱు, విద్యను విషముగా మార్చుట వేఱు.

కావున మా శిష్యునకు మే మిట్లు బదులు వ్రాసితిమి: "నాయనా, నీ తాతది విద్యయే. చెట్టు చావకుండ గీచుట, కుండ చెడకుండఁ జూచుట, ఏ వేళ రసము తీపి, ఏ వేళ పులుపు అని నాలుకతో నిర్ణయించుట - ఇవి గ్రంథము లేని శాస్త్రము. నీ గంటసేపటి వెచ్చదనపు లెక్కవంటి లెక్క అతనికిని గలదు. అతఁడు వ్రాయలేదు, మేము వ్రాయఁగలవారమై యుండియు వ్రాయలేదు. ఆనాఁడు తరగతిలో మౌనముగా నున్నందుకు మమ్ము మన్నింపుము."

అతని ప్రత్యుత్తరము రెండు పంక్తులు: "తాత మోకును అటకమీఁద దాఁచియున్నాము. ఈసారి వచ్చినపుడు క్రిందికి దింపెదను."

పోషక మహాశయులకు మా విన్నప మొక్కటి. మన పల్లెలలో గీత యెఱిఁగిన వృద్ధు లింక కొందఱే మిగిలియున్నారు. మోకు, కత్తి, కుండ, సున్నము - వీనిని గూర్చి వారు చెప్పు ప్రతి మాటను వ్రాసికొనుటకు విద్యార్థుల నియోగింపుఁడు. భవనములు కట్టుటకు మఱు సంవత్సరము కలదు. ఆ వృద్ధుల మాటకు లేదు. దోషము లున్నచో విజ్ఞులు మన్నింతురు గాక.