ప్రత్యేక హోదా నుంచి మిర్చి ధర దాకా.. ఢిల్లీ బేరంలో ఏపీకి ఎప్పుడు దక్కింది? ఎప్పుడు చేజారింది?

ప్రధాని రాజ్యసభలో నిలబడి ఇచ్చిన మాట. దాని కోసం గుంటూరులో నిరాహార దీక్ష జరిగింది. ఒంగోలు ఎంపీ రాజీనామా చేశారు. గుంటూరు ఎంపీ లోక్‌సభలో కేంద్రంపై అవిశ్వాస చర్చ మొదలుపెట్టారు. అయినా ప్రత్యేక హోదా రాలేదు. అదే సమయంలో విభజన చట్టంలో రాసి ఉన్న ఎయిమ్స్ మాత్రం ఆలస్యంగానైనా మంగళగిరికి వచ్చింది. ఒకటి ఎందుకు వచ్చింది? ఇంకొకటి ఎందుకు రాలేదు? కేంద్రం, టీడీపీ, వైసీపీ మధ్య ఇన్నేళ్లుగా నడుస్తున్న బేరసారాల కథ ఇది.

ముఖ్యాంశాలు:
• హోదా సభలో చెప్పిన మాట.. చట్టంలో సెక్షన్ కాదు
• 2018 అవిశ్వాసంలో అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు
• 2024లో లెక్క మారింది.. టీడీపీకి ఉన్న 16 మంది ఎంపీలు కీలకమయ్యారు
• పత్తికి మద్దతు ధర ఉంది.. మిర్చికి లేదు, అందుకే ధర పడిన ప్రతిసారీ ఢిల్లీకి లేఖలు

అసలు ప్రత్యేక హోదా అంటే ఏంటి?

1969లో గాడ్గిల్ ఫార్ములాతో ఇది మొదలైంది. ముందుగా అస్సాం, నాగాలాండ్, జమ్మూకశ్మీర్‌కు ఇచ్చారు. తర్వాత ఆ సంఖ్య 11 రాష్ట్రాలకు చేరింది. కొండ ప్రాంతం, సరిహద్దు, తక్కువ జనసాంద్రత, బలహీనమైన ఆర్థిక పరిస్థితి లాంటివి ప్రధాన కొలమానాలు.

అప్పట్లో హోదా ఉంటే కేంద్ర ప్రణాళికా సాయంలో 90 శాతం గ్రాంటు, 10 శాతమే అప్పు ఉండేది. మిగతా రాష్ట్రాలకు గ్రాంటు 30 శాతం, అప్పు 70 శాతంగా ఉండేది. హైదరాబాద్ ఆదాయం పోయిన రాష్ట్రానికి ఈ తేడా ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు.

మాట ఎక్కడ ఇచ్చారు?

2014 ఫిబ్రవరి 18న విభజన బిల్లు లోక్‌సభలో పాసైంది. ఆ రోజు సభ ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందే సభలో పెప్పర్ స్ప్రే ఘటన జరిగింది. అలాంటి వాతావరణంలోనే ఫిబ్రవరి 20న బిల్లు రాజ్యసభకు వచ్చింది.

అక్కడ ప్రధాని మన్మోహన్ సింగ్ ఏపీకి ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. ఐదేళ్లు చాలవు, పదేళ్లు కావాలని బీజేపీ తరఫున వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. అంటే అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ సూత్రప్రాయంగా ఒప్పుకున్నట్టే. కానీ బిల్లులో ఆ వాక్యం చేర్చలేదు. చేర్చాలంటే సవరణ కావాలి, సవరిస్తే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, టైమ్ లేదు. అందుకే మాటతో సరిపెట్టారు.

మూడు నెలల్లో ప్రభుత్వం మారిపోయింది. బీజేపీకి సొంతంగా 282 సీట్లు వచ్చాయి. ఏపీలో బీజేపీతో కలిసి పోటీ చేసిన టీడీపీ 15 ఎంపీ సీట్లు గెలిచి కేంద్ర కేబినెట్‌లో చేరింది. అయితే ఆ 15 లేకపోయినా మోదీ ప్రభుత్వం నిలబడుతుంది. బేరంలో బలహీనత అక్కడే మొదలైంది.

రాసి ఉన్నవి ఏమయ్యాయి?

విభజన చట్టంలోని 13వ షెడ్యూల్‌లో ఎయిమ్స్, పోర్టు, రైల్వే జోన్ లాంటివి ఉన్నాయి. వాటి సంగతి ఇదీ:

• ఎయిమ్స్: 2015 డిసెంబర్‌లో మంగళగిరిలో శంకుస్థాపన జరిగింది. 2019 మార్చిలో ఓపీ సేవలు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరి 25న ప్రధాని జాతికి అంకితం చేశారు.
• రైల్వే జోన్: చట్టంలో ‘ఏర్పాటును పరిశీలించాలి’ అనే రాశారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. విశాఖలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది మాత్రం 2025 జనవరి 8న. గుంటూరు డివిజన్ కూడా ఈ దక్షిణ కోస్తా జోన్‌లోకే వస్తుంది.
• పోర్టు: చట్టంలో దుగరాజపట్నం అని ఉంది. తొలి దశ 2018కి పూర్తవ్వాలి. అది లాభదాయకం కాదని పక్కన పెట్టారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే అప్పటి ప్రకాశం జిల్లాలోని రామాయపట్నాన్ని ఎంచుకుంది. 2019 జనవరిలో చంద్రబాబు శంకుస్థాపన చేశారు. 2022 జులైలో జగన్ పనులకు మళ్లీ భూమిపూజ చేశారు. ఒకటే పోర్టు, రెండు ప్రభుత్వాలు, రెండు కార్యక్రమాలు.
• రాజధాని: కొత్త రాజధానిలో రాజ్‌భవన్, హైకోర్టు, సచివాలయం, అసెంబ్లీ కోసం కేంద్రం ప్రత్యేక ఆర్థిక సాయం చేయాలని సెక్షన్ 94 చెబుతోంది. ఎంత, ఎప్పటిలోగా అన్నది మాత్రం లేదు. అందుకే 2,500 కోట్లు ఇచ్చామని కేంద్రం, అది ఏ మూలకని రాష్ట్రం వాదించుకున్నాయి. ఆ మొత్తంలో 1,000 కోట్లు విజయవాడ, గుంటూరు డ్రైనేజీకే ఇచ్చారు.

ఈ లిస్టు చూస్తే ఒక విషయం తెలుస్తుంది. చట్టంలో రాసినంత మాత్రాన అన్నీ టైమ్‌కి రాలేదు. కానీ రాసి ఉన్నవాటిని అడగడానికి ఒక కాగితం ఉంది. హోదాకు ఆ కాగితమే లేదు.

హోదా ప్యాకేజీగా ఎలా మారింది?

2015 జనవరి 1న ప్లానింగ్ కమిషన్ స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 14వ ఆర్థిక సంఘం 32 శాతం నుంచి 42 శాతానికి పెంచింది. ఇక ప్రత్యేక, సాధారణ రాష్ట్రాలనే తేడా లేదని కేంద్రం వాదన మొదలుపెట్టింది.

2015 అక్టోబర్‌లో జగన్ గుంటూరు శివారు నల్లపాడులో హోదా కోసం దీక్షకు కూర్చున్నారు. అదే నెల 22న ప్రధాని మోదీ పార్లమెంట్ ఆవరణలోని మట్టి, యమున నీళ్లు తెచ్చి ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన చేశారు. ఆ ప్రసంగంలో హోదా ప్రస్తావన రాలేదు.

2016 సెప్టెంబర్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ప్రత్యేక సాయం ప్రకటించారు. 2015-16 నుంచి 2019-20 దాకా విదేశీ సంస్థల రుణంతో చేపట్టే ప్రాజెక్టుల అప్పు, వడ్డీ కేంద్రం కడుతుందని దాని సారాంశం. వినడానికి బాగుంది. కానీ ఆ ఐదేళ్లలోనే అప్పు ఒప్పందం కుదరాలి, డబ్బు విడుదల కావాలి. అలాంటి ప్రాజెక్టులకు అనుమతులు రావడానికే ఏళ్లు పడుతుంది. టీడీపీ ప్రభుత్వం ప్యాకేజీని స్వాగతించింది. వైసీపీ వ్యతిరేకించింది. పవన్ కల్యాణ్ కాకినాడ సభలో దాన్ని పాచిపోయిన లడ్డూలతో పోల్చారు.

2018లో ఎవరు ముందు? ఎవరు వెనుక?

2018 బడ్జెట్‌తో టీడీపీ సహనం అయిపోయింది. మార్చి 8న అశోక్ గజపతిరాజు, సుజనా చౌదరి కేంద్ర మంత్రి పదవులకు రాజీనామా చేశారు. రాష్ట్ర కేబినెట్‌లోని ఇద్దరు బీజేపీ మంత్రులు కూడా తప్పుకున్నారు.

మార్చి 15న వైసీపీ తరఫున అప్పటి ఒంగోలు ఎంపీ వైవీ సుబ్బారెడ్డి అవిశ్వాస నోటీసు ఇచ్చారు. మర్నాడే టీడీపీ ఎన్డీయే నుంచి బయటకొచ్చి తన నోటీసు తాను ఇచ్చింది. ఒకే డిమాండ్, ఒకే రాష్ట్రం, రెండు నోటీసులు. ఒక పార్టీ క్రెడిట్ కొట్టేస్తుందేమోనని ఇంకో పార్టీకి భయం. తీర్మానం చర్చకు రావాలంటే 50 మంది మద్దతు లెక్క తేలాలి. సభలో గొడవ వల్ల ఆ లెక్కే జరగకుండా సమావేశాలు ముగిశాయి.

ఏప్రిల్ 6న ఐదుగురు వైసీపీ ఎంపీలు రాజీనామా చేశారు. జూన్‌లో ఆమోదం పొందాయి. ఏడాదిలోపే సాధారణ ఎన్నికలు ఉన్నందున ఉప ఎన్నికలు రాలేదు.

జులై 20న చివరికి అవిశ్వాసంపై చర్చ జరిగింది. టీడీపీ తరఫున గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్ చర్చ ప్రారంభించారు. మొదట నోటీసు ఇచ్చిన ఒంగోలు ఎంపీ మాత్రం ఆ రోజు సభలో లేరు, ఆయన సీటు అప్పటికే ఖాళీ. ఒకే డిమాండ్.. కానీ ఇద్దరూ ఒకేసారి సభలో నిలబడలేకపోయారు. వైసీపీ ఉచ్చులో పడుతున్నారని చంద్రబాబును ముందే హెచ్చరించానని ప్రధాని తన సమాధానంలో చెప్పారు. ఓటింగ్‌లో 126-325 తేడాతో తీర్మానం వీగిపోయింది.

ఇద్దరూ ఓటేశారు.. ధర ఎంత?

2019లో వైసీపీ 151 ఎమ్మెల్యే, 22 ఎంపీ సీట్లు గెలిచింది. కానీ బీజేపీకి ఒంటరిగా 303 వచ్చాయి. కేంద్రానికి మన అవసరం లేదు కాబట్టి అడుగుతూనే ఉండాలని ఫలితాల తర్వాత ఢిల్లీలో జగన్ అన్నారు. హోదా కోసం మంత్రి పదవి వదిలిన సుజనా చౌదరి సహా నలుగురు టీడీపీ రాజ్యసభ సభ్యులు ఆ జూన్‌లోనే బీజేపీలో చేరిపోయారు.

2022 రాష్ట్రపతి ఎన్నికలో ద్రౌపది ముర్ముకు వైసీపీ, టీడీపీ రెండూ మద్దతిచ్చాయి. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలోనూ రెండు పార్టీలు ఎన్డీయే అభ్యర్థి వైపే నిలిచాయి. రాష్ట్రంలో మాట్లాడుకోని పార్టీలు ఢిల్లీలో ఒకే పెట్టెలో ఓట్లు వేశాయి. కారణాలు ఏవైనా, ఈ రెండు సందర్భాల్లో రాష్ట్రం తరఫున ఉమ్మడి షరతు ఒక్కటీ పెట్టలేదు.

యార్డులో టిక్కీలు దించాక కొనేవాడు ఒక్కడే ఉండి, అమ్మేవాళ్లు ఇద్దరు ఒకరి మీద ఒకరు పోటీ పడితే ధర ఎవరి చేతిలో ఉంటుందో మిర్చి రైతుకు చెప్పక్కర్లేదు.

2024లో ఏం మారింది?

బీజేపీ 240 దగ్గర ఆగింది. మెజారిటీకి 272 కావాలి. టీడీపీకి ఉన్న 16 మంది ఎంపీలకు ఒక్కసారిగా విలువ పెరిగింది. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్ర సహాయ మంత్రి అయ్యారు.

2024 జులై బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్ల రుణ సాయం ప్రకటించారు. డిసెంబర్‌లో ప్రపంచ బ్యాంకు, ఏడీబీ చెరో సుమారు 80 కోట్ల డాలర్లు ఆమోదించాయి. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. హోదా మాత్రం బేరంలోకే రాలేదు. బలం ఉన్నప్పుడు హోదా ఎందుకు అడగరని వైసీపీ ప్రశ్న. మీ ఐదేళ్లలో మీరేం తెచ్చారని టీడీపీ ఎదురు ప్రశ్న.

మిర్చి రైతుకు దీంతో ఏంటి సంబంధం?

పత్తికి కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తుంది. 2025-26కు పొడవు పింజ రకానికి క్వింటా 8,110 రూపాయలు. ధర పడితే సీసీఐ కొనాలి. తేమ శాతం పేరుతో ఇబ్బందులు ఉన్నా అడగడానికి ఒక ధర కాగితం మీద ఉంది.

మిర్చి మద్దతు ధరల జాబితాలో లేదు. అందుకే 2025 ఫిబ్రవరిలో ధరలు పడినప్పుడు అంతా రాజకీయ బేరమే అయింది. జగన్ గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లారు. చంద్రబాబు కేంద్ర వ్యవసాయ మంత్రికి లేఖ రాశారు. చివరికి మార్కెట్ జోక్యం పథకం కింద 2.58 లక్షల టన్నులకు, క్వింటా 11,781 రూపాయల ధరతో కేంద్రం ఒప్పుకుంది. అది ఆ సీజన్‌కే పరిమితం. మళ్లీ ధర పడితే మళ్లీ లేఖలు, మళ్లీ ఢిల్లీ ప్రయాణాలు తప్పవు.

అమెరికాలోనూ ఇంతేనా?

అక్కడ అపనమ్మకం ఇంకో రూపంలో కనిపిస్తుంది. సెనేట్‌లో 100 మంది ఉంటే చాలా బిల్లులు ముందుకెళ్లడానికి 60 ఓట్లు కావాలి. ఒక్క పార్టీకి అన్ని ఓట్లు ఉండటం అరుదు. ఒప్పందం కుదరకపోతే ప్రభుత్వ ఆఫీసులే మూతపడతాయి. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు షట్‌డౌన్ నడిచింది. హెచ్-1బీ వీసాలకు అవసరమైన కార్మిక శాఖ అనుమతులు కూడా కొన్నాళ్లు ఆగాయి.

ఆరోగ్య బీమా సబ్సిడీలపై డిసెంబర్‌లో ఓటింగ్ పెడతామన్న హామీతో కొందరు డెమొక్రాట్లు తగ్గారు. ఓటింగ్ నిజంగానే పెట్టారు. కానీ 60 ఓట్లు రాక సబ్సిడీల పొడిగింపు ఓడిపోయింది. ఓటింగ్‌కి హామీ దొరికింది, ఫలితానికి కాదు.

హామీ వినగానే ఏం చూడాలి?

ఇన్నేళ్ల అనుభవం నాలుగు ప్రశ్నలు నేర్పింది:

1. అది చట్టంలో, కేబినెట్ నిర్ణయంలో లేదా బడ్జెట్‌లో రాసి ఉందా, లేక సభలో మాటేనా?
2. ఎంత డబ్బు, ఏ తేదీలోగా అని ఉందా?
3. ‘ఇవ్వాలి’ అని ఉందా, ‘పరిశీలించాలి’ అని ఉందా?
4. గ్రాంటా, అప్పా? అప్పయితే తీర్చేది ఎవరు?

ఎన్నికల వేళ హోదా మాట మళ్లీ వినిపించొచ్చు. మిర్చికి మద్దతు ధర హామీ కూడా రావొచ్చు. ఎవరిచ్చినా ఈ నాలుగు ప్రశ్నలే అడగాలి. బీజేపీకి సొంత మెజారిటీ లేని రోజులు ఎంతకాలం ఉంటాయో ఎవరూ చెప్పలేరు. అవి ఉండగానే కాగితం మీదకు ఎక్కించుకున్నదే తర్వాత కూడా మిగులుతుంది.