అట్ట మీద లేని పేరు

దెయ్యాల కథలంటే నాకు చచ్చేంత భయం. అయినా చదవకుండా వుండలేను. మీలో చాలామందీ ఇంతే కదూ! జపాను దెయ్యాలని ప్రపంచానికి పరిచయం చేసిన పుస్తకం 'క్వైదాన్'. 1904లో ఇంగ్లీషులో వచ్చింది. 1964లో జపాను వాళ్ళు సినిమాగా తీస్తే, మరుసటేడు కాన్ చలనచిత్రోత్సవంలో బహుమతి కూడా కొట్టేసింది. అట్ట మీద రచయిత పేరు లఫ్కాడియో హెర్న్. పేరు చూస్తే జపాను పేరులా లేదు కదా! కాదు మరి. ఆయన జపానులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికిన పరదేశి మాస్టారు.

ఆయన గురించి చదువుతూంటే నా మనసు ఆయన దగ్గర ఆగకుండా ఆయన భార్య దగ్గరికే పోయింది. ఎంచేతంటే ఆ కథల్లో చాలా వాటిని ఆయనకి చెప్పింది ఆవిడ. చిత్రమేమిటంటే ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆయనకి జపాను భాషలో పుస్తకం చదవడం రాదు. మరి ఆ పుస్తకం ఎలా పుట్టిందీ?

ముందు ఆయన సంగతి చూద్దాం. హెర్న్ 1850లో లెఫ్కాదా అనే గ్రీకు ద్వీపంలో పుట్టాడు. తల్లి గ్రీకు మనిషి, చదువు రాని ఇల్లాలు. తండ్రి ఐర్లండు వాడు, సైన్యంలో డాక్టరు. నాలుగేళ్ళప్పుడు తల్లి దూరమైంది. మళ్ళీ కనిపించలేదు. తండ్రి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. బళ్ళో ఆటలాడుతూ ఎడమకన్ను పోగొట్టుకున్నాడు. పందొమ్మిదేళ్ళకి చేతిలో పైసా లేకుండా అమెరికా చేరి, అష్టకష్టాలూ పడి పత్రికా విలేఖరి అయ్యాడు. 1890 ఏప్రిల్లో జపాను గురించి వ్యాసాలు రాయడానికని యోకోహామా రేవులో దిగాడు. దిగీ దిగకముందే పంపించిన ప్రచురణకర్తలతో పేచీ పెట్టుకున్నాడు. కోపం ఆయనకి ముక్కు మీదే వుండేది. ఇక పొట్ట గడవాలిగా! మత్సుయె అనే వూళ్ళో ఇంగ్లీషు మాస్టారుగా చేరాడు. జీతం నెలకి 100 యెన్‌లు. ఆ రోజుల్లో ఆ వూళ్ళో అది చాలా పెద్ద జీతం.

ఆ కాలంలో జపాను పడమటి చదువుల కోసం తహతహలాడుతూండేది. 1868లో పాత పరిపాలన పోయి మెయిజీ చక్రవర్తి పాలన వచ్చాక, విదేశీ పంతుళ్ళని పెద్ద పెద్ద జీతాలిచ్చి రప్పించుకున్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవడం, నేర్చుకున్నాక ఆ కుర్చీలో తమ వాళ్ళని కూర్చోబెట్టుకోవడం. అందులో తప్పుపట్టడానికేమీ లేదు గానీ, ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళకి మాత్రం కష్టంగానే వుండేదిట.

మత్సుయె పిల్లల గురించి హెర్న్ ఒక డైరీలాంటి వ్యాసం రాశాడు. ఆయన రాసిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పిల్లలు రాసిన ఇంగ్లీషు వ్యాసాల్లో ఒకే పోలిక మళ్ళీ మళ్ళీ కనిపించేదిట. ఫూజీ పర్వతం అనగానే ఆకాశంలో తలకిందులుగా వేలాడే తెల్లని విసనకర్ర! ఎంతమంది రాసినా అదే విసనకర్ర. (మన బళ్ళలో ఆవు వ్యాసం గుర్తొచ్చి నేను నవ్వుకున్నాను.) ఇంకొకరైతే వీళ్ళకి సొంత బుర్ర లేదని తేల్చేసేవారు. హెర్న్ అలా అనలేదు. ఈ పోలికలు తాతముత్తాతల నాటినుంచి వస్తున్న ఆస్తి, పిల్లవాడు దాన్ని చక్కగా నేర్చుకోవడమే అక్కడ చదువు అని అర్థం చేసుకున్నాడు.

ఆ వ్యాసంలోనే యోకోగి అనే కుర్రాడు వస్తాడు. వడ్రంగి కొడుకు, తెలివైన పిల్లవాడు. జబ్బు చేసి మంచాన పడ్డాడు. ఇక లేవడని తెలిసిపోయింది. ఒక రాత్రి, నాకు మా బడి ఒక్కసారి చూడాలని వుందన్నాడు. చలి రాత్రి. ఇంట్లో పనిచేసే ముసలాయన ఆ పిల్లవాణ్ణి వీపున ఎక్కించుకుని బడిదాకా మోసుకెళ్ళాడు. కిటికీలోంచి తన తరగతి గది చూసుకున్నాడు. అంతే, ఆ తర్వాత పోయాడు. బడి అంటే ఆ రోజుల్లో అక్కడ ఒక పేద పిల్లవాడికి ఏమిటో ఇంతకంటె ఎవరు చెప్పగలరు?

సరే, ఇప్పుడు ఆవిడ దగ్గరికి వద్దాం. పేరు కోయిజుమి సెత్సు. సరిగ్గా 1868లోనే, మత్సుయెలో ఒక సమురాయి కుటుంబంలో పుట్టింది. కత్తి పట్టిన వాళ్ళ కాలం ఆ ఏడే వెళ్ళిపోయింది. పుట్టిన కొద్ది రోజులకే పెంపుడికిచ్చారు. కన్నవాళ్ళూ పెంచినవాళ్ళూ ఇద్దరూ చితికిపోయారు. చదువంటే ప్రాణంట ఆ పిల్లకి. పదకొండేళ్ళకి బడి మానిపించి మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. పద్ధెనిమిదో ఏట పెళ్ళి చేస్తే ఏడాది తిరక్కుండా మొగుడు ఇల్లు వదిలి పారిపోయాడు. 1891లో, ఇరవై రెండో ఇరవై మూడో ఏట, చలికి మంచానపడ్డ పరదేశి మాస్టారింట్లో పనికి కుదిరింది. ఒక సమురాయి బిడ్డ తెల్లవాడింట్లో పనికి వెళ్ళిందంటే వూళ్ళో ఎన్ని నోళ్ళు లేచివుంటాయో మీరే వూహించుకోండి. పని మనిషిగా వచ్చిన ఆవిడ ఆయన ఇల్లాలయింది.

ఇద్దరికీ మధ్య ఒక భాష పుట్టింది. విభక్తులు లేవు, క్రియలకి కాలాలు లేవు, ఉత్త జపాను మాటలు ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు వరసలో పేర్చుకోవడమే. దాన్ని 'హెర్న్‌గారి భాష' అనేవారు. ఆయన వూరెళితే ఆ భాషలోనే, కతకానా అక్షరాల్లో భార్యకి ఉత్తరాలు రాసేవాడు. ఒకరినొకరు పిలుచుకునేది 'పాపాసాన్', 'మామాసాన్' అని.

ఇక కథలు. ఆవిడ పాత పుస్తకాల షాపులు తిరిగి కథలు వెతికి తెచ్చేది. రాత్రి దీపం తగ్గించి చెప్పేది. పుస్తకం చేత్తో పట్టుకుని చెబితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. పుస్తకంలో మాటలు నాకక్కర్లేదు, నీ మాటలు, నీకు తోచినట్టు చెప్పు అనేవాడు. అంచేత పాపం ముందుగా చదివి, జీర్ణం చేసుకుని, తన కథగా చేసుకుని చెప్పాలి. భయపడాల్సిన చోట ఆయన రంగు మారిపోయేదిట. ఆ మాట మళ్ళీ అను, ఏ గొంతుతో అన్నాడు, అడుగుల చప్పుడు ఎలా వుంది, అంటూ ప్రాణం తోడేసేవాడు. ఆవిడకేమో రాత్రిళ్ళు పీడకలలు! చెవులు తెగిన గుడ్డి గాయకుడు హోయిచి కథ రాసే రోజుల్లో, చీకటి పడ్డా దీపం పెట్టుకోకుండా కూర్చున్నాడు ఆయన. పక్కగదిలోంచి ఆవిడ సన్నని గొంతుతో "హోయిచీ" అని పిలిచింది. నేను గుడ్డివాణ్ణి, మీరెవరు అని ఆయన లోపల్నించి జవాబిచ్చాడు.

నవలలు రాసుకునే దాన్ని కాబట్టి అడుగుతున్నాను: చదివి, ఎంచి, మార్చి, మాటలు కూర్చి, గొంతు మార్చి చెప్పే పనిని ఏమంటారు? నేనైతే రాయడమనే అంటాను.

ఇంకొక ఆవిడ వుంది, మాటీ ఫోలీ అని. అమెరికాలో హెర్న్ వున్న బసలో వంట చేసే నల్లజాతి స్త్రీ. ఆవిడా దెయ్యాల కథలు చెప్పడంలో గట్టిదే. 1874లో ఆయన ఆవిణ్ణి పెళ్ళాడాడు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పెళ్ళాడకూడదని ఆ రాష్ట్రంలో అప్పుడు చట్టం. మూడేళ్ళకి విడిపోయారు. ఆయన పోయాక ఆస్తిలో వాటా కావాలని ఆవిడ కోర్టుకెక్కితే, అసలు పెళ్ళే చెల్లదన్నారు.

సెత్సు విషయంలో మాత్రం హెర్న్ చట్టం సంగతి ముందే చూసుకున్నాడు. చట్టప్రకారం ఆవిడ బ్రిటిషు పౌరుడి భార్య అయితే జపాను పౌరసత్వం పోతుంది, తన వాళ్ళ గడ్డ మీదే ఆస్తికి పరాయిదవుతుంది. అంచేత 1896లో ఆయనే కోయిజుమి వారింటి పద్దులోకి ఎక్కాడు. కోయిజుమి యకుమో అయ్యాడు. పెళ్ళాం ఇంటిపేరు పెట్టుకున్న మగవాడు! ఆవిడ తరఫు పెద్దవాళ్ళని కూడా ఆయన జీతమే పోషించింది.

అదే ఏడు టోక్యో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే ఉద్యోగం దొరికింది. కాగితం చూడకుండా, పిల్లలు రాసుకునేంత నెమ్మదిగా చెప్పేవాడు. ఆ పిల్లల నోటుపుస్తకాల్లోంచే ఆయన పాఠాలు తర్వాత గ్రంథాలుగా వచ్చాయి. 1903లో ఇక మీ అవసరం లేదన్నారు. విద్యార్థులు గొడవ చేశారు. తక్కువ గంటలు, తక్కువ జీతం మీద వుండమని బేరం పెడితే ఆయన కాదన్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన వాళ్ళల్లో లండన్లో చదువుకుని వచ్చిన నత్సుమె సోసెకి ఒకడు. తర్వాత జపాను నవలకే పెద్ద దిక్కయ్యాడు గానీ, మొదట్లో ఆ క్లాసులో మొహం చెల్లక నానా అవస్థా పడ్డాడు. మరుసటేడు, 1904 సెప్టెంబరు 26న, గుండె ఆగి హెర్న్ పోయాడు. సెత్సు చేతిలో నలుగురు పిల్లలు, ఆఖరిది ఏడాది పిల్ల.

తనకి చదువు లేదని ఆవిడ ఎప్పుడూ బాధపడుతూండేది. ఒకసారి ఆ మాటే అంటే ఆయన చెయ్యి పట్టుకుని తన పుస్తకాల అరమర దగ్గరికి తీసుకెళ్ళి, ఇవన్నీ ఎవరివల్ల పుట్టాయనుకుంటున్నావు అని అడిగాడట. నువ్వు పెద్ద చదువు చదివిన దానివైతే దెయ్యాల కథలు వట్టి పిచ్చి అని కొట్టిపారేసేదానివి అన్నాడట. నిజమే, చాలా ప్రేమగా అన్నమాటే. కానీ నాకు కాస్త మింగుడుపడలేదు. ఇంగ్లీషు పదాలు కతకానాలో రాసుకుని నేర్చుకోబోయిన ఆవిడ చిన్న నోటుపుస్తకం ఒకటి మిగిలివుంది. పెద్దకొడుక్కి రోజూ కూర్చోబెట్టి కఠినంగా ఇంగ్లీషు నేర్పిన ఆ మాస్టారు, ఈ నోటుపుస్తకం గలావిడ విషయంలో అంత పట్టుదల ఎందుకు చూపించలేదో!

2025లో జపాను టీవీలో ఆవిడ కథ ఆధారంగా 'బకెబకె' అనే సీరియల్ మొదలైంది. అంతకు చాలా ముందే, 1914లో, ఆవిడ జ్ఞాపకాలు అచ్చయ్యాయి. అందులో హెర్న్ మాటల్ని ఆవిడ ఎక్కడా దిద్దలేదు. ఆ విభక్తులు లేని, కాలాలు లేని ముక్కల భాషలోనే ఆయన చేత మాట్లాడించింది. దొరల ఇంగ్లీషుని దేశానికి నేర్పిన ఆచార్యుడు ఇంట్లో ఎలా మాట్లాడేవాడో ఆ చిన్న పుస్తకంలో మనకి వినిపిస్తుంది.