తూటాకు పూసిన కందెన

1857 తిరుగుబాటును గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే కథ ఒక్క వాక్యంలో ముగుస్తుంది. కొత్త తూటాలకు ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారు, సిపాయిలు ఎదురుతిరిగారు. అది నిజమా, వట్టి పుకారా అని ఏ విద్యార్థి అయినా నిలదీస్తే ఉపాధ్యాయుడికి ఇరకాటమే. ఆనాటి విచారణలలో బయటపడిన సమాధానం ఈ రెంటికన్నా విచిత్రమైనది. ఆ కొవ్వు ఏ జంతువుదో దానిని కొన్నవారికే తెలియదు. తెలుసుకోవాలని వారికి తోచనూ లేదు.

అసలు తుపాకికి కందెన ఎందుకు? అంతకుముందు సిపాయిల చేతిలో ఉన్న తుపాకుల గొట్టం లోపల నునుపుగా ఉండేది. గుండు వదులుగా జారేది, గురి నూరు గజాలు దాటితే నమ్మకం లేదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలు అట్లా కాదు. 0.577 అంగుళాల గొట్టం లోపల మెలితిరిగిన మూడు గాళ్ళు ఉంటాయి. మందు పేలగానే సీసపు గుండు అడుగుభాగం విచ్చుకొని ఆ గాళ్ళను పట్టుకుంటుంది, గిరగిర తిరుగుతూ వందల గజాలు దూసుకుపోతుంది. అయితే నల్లమందు కాలితే మసి మిగులుతుంది. అది గాళ్ళలో పేరుకుంటే తరువాతి గుండు దిగదు. పైగా ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. కనుక గుండు ఉన్న కాగితపు కొసకు కందెన పూయవలసి వచ్చింది. పశువుల కొవ్వు ఒక్కటే అయితే ఎండకు కరుగుతుంది. అందుకని అందులో తేనెమైనం కలిపారు. సిపాయి చేయవలసిన పని ఇది: తూటా కొసను పళ్ళతో చించాలి, మందును గొట్టంలో పోయాలి, పిదప గుండును కాగితంతో సహా లోనికి దిగగొట్టాలి. చిక్కంతా ఆ పళ్ళ దగ్గరే.

ఈ చిక్కును ముందే గుర్తించిన ఆంగ్లేయుడు ఒకడున్నాడు. ఇక్కడి ఎండవానలకు కందెన నిలుస్తుందో లేదో చూడడానికి 1853లో ఇంగ్లండు నుండి కొన్ని తూటాలు పంపారు. బెంగాలు సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టకర్ అప్పుడే హెచ్చరించాడు. కులాచారాలకు భంగం కలిగించే పదార్థం ఆ కందెనలో లేదని తేలేదాకా వాటిని దేశీయ పటాలాలకు ఇవ్వరాదన్నాడు. ఆ హెచ్చరిక కాగితాలలోనే ఉండిపోయింది. తూటాలను సిపాయిల సంచులలో మోయించి, కందెన చక్కగా నిలిచిందని నివేదించి, 1855లో తిరిగి పంపారు. కందెన ఎండకు ఆగుతుందా అని పరీక్షించినవారు మనుషుల మనసుకు ఆగుతుందా అని చూడలేదు.

1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఒక ఖలాసీ బ్రాహ్మణ సిపాయిని చెంబుతో నీళ్ళడిగాడు. చెంబు మైలపడుతుందని సిపాయి కాదన్నాడు. ఆవు, పంది కొవ్వు పూసిన తూటాలు కొరకబోతున్న నీకు కులమెక్కడిదని ఖలాసీ ఎత్తిపొడిచాడు. మాట దావానలంలా పాకింది. మీగాళ్ళతో త్రొక్కబడినవాని నోటి నుండి ఆ మాట రావడం గమనింపదగినది. ఫోర్ట్ విలియం ఆయుధాగారంలో వాడిన కొవ్వు ఏ పశువుదని ఆ తరువాత విచారిస్తే, గుత్తేదారు తెచ్చిన కొవ్వు వాడామనీ, జంతువు విషయమై ఎటువంటి జాగ్రత్తా తీసుకోలేదనీ ఆయుధశాఖాధికారులే ఒప్పుకున్నారు.

ప్రభుత్వం వెంటనే దిద్దుకోలేదా అంటే, దిద్దుకుంది. జనవరి ముగిసేలోగానే కందెన లేని తూటాలిచ్చి, నచ్చినది సిపాయిలే పూసుకోవచ్చునన్నది. మార్చిలో పళ్ళతో కాక వ్రేళ్ళతో చించే పద్ధతికి అనుమతించింది. కాని అనుమానం అప్పటికే కొవ్వును విడిచి కాగితానికి అంటుకుంది. కాగితం మెరుస్తున్నదే, ఆ మెరుపు కొవ్వుదేనేమో! ఫిబ్రవరి 26న బర్హంపూరులో 19వ పటాలం తూటాలు ముట్టలేదు. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు, ఏప్రిల్ 8న ఉరికంబమెక్కాడు.

అంబాలాలో సిపాయిలు సేనాధిపతి ఆన్సన్‌కు విన్నవించుకున్న మాట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. వారి మనవి సారాంశమిది: పుకారు అబద్ధమే కావచ్చు, కాని మా ఊళ్ళవారు నమ్మారు, తూటా ముట్టి ఇంటికి వెళితే మమ్మల్ని వెలివేస్తారు. భయం కొవ్వును గురించి కాదు, బంధువుల పంక్తిలో కూర్చునే హక్కును గురించి. రసాయన పరీక్షలు దానికి మందు కాలేవు.

ఏప్రిల్ 24న మీరట్ కవాతులో 90 మందికిగాను 85 మంది తూటాలు తీసుకోలేదు. ఆ రోజు ఇచ్చినవి పాతరకపువే, వాటికి కొవ్వే లేదు! మే 9న వారికి సంకెళ్ళు వేశారు. మరునాడు మీరట్ భగ్గుమంది. ఢిల్లీ చేరిన సిపాయిలను ఆ నగరవాసులు 'తిలంగాలు' అన్నారు. వారిలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతాలవారు. కంపెనీ తొలినాళ్ళలో మన తెలుగు సీమ నుండి సిపాయిలను చేర్చుకున్నందువల్ల మిగిలిన పేరది.

1856లో అవధ్‌ను కలుపుకోవడం, కొత్తగా చేరే సిపాయి సముద్రం దాటడానికైనా సిద్ధపడాలన్న అదే ఏటి చట్టం అప్పటికే మనసులను మండించి ఉన్నాయి. కనుక కందెన ఒక్కటే కారణమనడం సరికాదు. అయినా ఆ తరువాత జరిగినది చూడండి. కొరకమని అంతగా పట్టుబట్టిన ఆ తూటాల రైఫిలును సిపాయికి ఇవ్వడానికే దొరలు జంకారు. దేశీయ పటాలాలకోసం 1858, 1859 నమూనాలలో గాళ్ళు లేని, గురి తక్కువ తుపాకులు తయారుచేయించారు.

నేడు ఆ ఎన్‌ఫీల్డులు మ్యూజియములకూ సేకర్తల ఇళ్ళకూ చేరాయి. తుప్పు పట్టకుండా వాటికి పలుచగా పూయడానికి పెట్రోలియం నుండి తీసిన సూక్ష్మస్ఫటిక మైనం వంటివి వచ్చాయి. వాటిలో ఏ జంతువు కొవ్వూ లేదు. 1853లో అటువంటిది లేకపోయినా గొర్రె, మేక కొవ్వులు ఉన్నాయి, నెయ్యి ఉంది, మైనం ఉంది. గుత్తేదారు ఒప్పందంలో ఒక్క పంక్తి చేర్చితే సరిపోయేది. దానివల్ల తిరుగుబాటు ఆగి ఉండేదని నేననను. పుకారు నోట 'నిజం' అనే ఆయుధం పెట్టకుండా ఉండేవారు, అంతే.