పాటను దాచుకొను విధము



మన యిండ్లలో ధాన్యమునకు గాదె కలదు. నగలకు పెట్టె కలదు. భూమి దస్తావేజులకు బీరువా కలదు. పాటకు మాత్రము చోటేదో చాలమంది యిండ్లలో నిర్ణయమై యుండలేదు. పూర్వము పాట కంఠముననే యుండెడిది గనుక దాచు విచారము లేకుండెను. ఇప్పుడన్ననో పాట యంత్రములలో చేరినది. యంత్రములు మాఱుచున్నవి, చెడుచున్నవి. మనవారు పాటను పూర్వ మెట్లు దాచిరో, ఆ దాపరికములలో నేది యెంతవఱకు నిలిచెనో మొదట చెప్పి, పిమ్మట నేటి గృహస్థుడు చేయవలసిన దేమో విన్నవించెదను.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వఱకు జీవించిరి. వారు ముప్పదిరెండు వేల సంకీర్తనలు చెప్పిరని ప్రసిద్ధి. వారి కుమారుడు పెదతిరుమలాచార్యులు మొదలైనవారు వానిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల యాలయములోనే యొక చిన్న యరలో భద్రపఱచిరి. దానికి సంకీర్తన భండారమని పేరు. తాటియాకును పురుగు తినును, కాగితము తడిసి నశించును, రాగి యట్లు కాదు. ధనము వెచ్చించి, శ్రమపడి, తమ కాలమున దొరకిన వానిలో గట్టి వస్తువును వారెన్నుకొనిరి. అంతకన్న నెవరేమి చేయగలరు?

అయినను జరిగిన దేమి? శతాబ్దములు గడచినకొలది ఆ యర సంగతియే లోకము మఱచెను. 1816లో తెలుగు వ్యాకరణము నింగ్లీషున ప్రకటించిన కాంబెల్ దొర, ఆ రేకుల సంగతి విని వానిని పరిశీలింపజేసెను. వానిలో దేవుని స్తుతించు కీర్తనలే మెండుగ నున్నవని తెలిసికొనెను. మరల నూఱేండ్లకు పైగా గడచిన తరువాత గాని వాని పరిష్కరణము, ముద్రణము సాగలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన పెద్దలు పాటుపడి వానిని లోకమున కందించిరి. అప్పుడు తెలిసిన దేమనగా, పాట మాటలు నిలిచినవి, రాగము పేరు నిలిచినది, కాని మట్టు నిలువలేదు. రాగి యక్షరమును దాచెను గాని స్వరమును దాచలేదు. అందుచేతనే నేడు మనము వినుచున్న యన్నమయ్య పాటలలో చాలవాని వరుసలు ఇటీవలి విద్వాంసులు కట్టినవి.

ఇక రెండవ యుదాహరణము చిత్తగింపుడు. త్యాగరాజస్వామి 1767లో పుట్టి 1847లో సిద్ధిపొందిరి. కావేరీ తీరమున తిరువయ్యారులో నుండి తెలుగున కీర్తనలు రచించిరి. వారికి రాగిరేకులు లేవు, భండారము లేదు. శిష్యులు మాత్ర ముండిరి. వారు వాలాజాపేట, ఉమయాల్పురము, తిల్లస్థానము అను చోట్ల వేర్వేఱుగా నుండి పాడిరి, తమ శిష్యులకు చెప్పిరి, వ్రాసికొనిరి. వాలాజాపేట వేంకటరమణ భాగవతుల వారి వ్రాతప్రతులు నేటికిని మధురలో గలవు. ఒక్కొక్క శాఖలో పాఠము కొంత భేదించినమాట నిజమే. అయినను కీర్తన వరుసతో గూడ మన చెవికి చేరినది. అన్నమయ్య పాటకు గట్టి చోటొక్కటి దొరకెను. త్యాగయ్య పాటకు మెత్తని చోట్లు పెక్కు దొరకెను. మట్టు నిలిచినది రెండవ దారిననే.

ముత్తుస్వామి దీక్షితులవారి కృతులకు మూడవ త్రోవ యేర్పడెను. 1904లో ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులుగారు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో నచ్చొత్తించి, స్వరములను, గమకముల గుర్తులను సయితము కాగితమున కెక్కించిరి. అచ్చువేసిన గ్రంథ మొక్క యింటిలో నుండదు గదా! అచ్చు కూడ పెక్కుచోట్ల దాచుటయే.

అంతకు రెండేండ్లు ముందు, 1902లో, కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని గ్రామఫోను రికార్డున కొఱకు పాడెను. ఒక ప్రక్క మూడు నిమిషములకు పైగా కొంచెము పాట పట్టెడిది. పాట ముగియగనే ఆమె తన పేరు తానే చెప్పెను. రికార్డులను ముద్రించుటకు జర్మనీలోని హనోవరునకు పంపవలసి యుండుటచే, అచ్చటి పనివారికి పాట యెవరిదో తెలియుటకై యట్లు చెప్పుట యాచారమయ్యెను. ఆ రికార్డు లక్కతో చేసినది, జాఱిన పగులును. 1963లో కేసెట్టు వచ్చెను. దాని నొకదానినుండి యొకదాని కెక్కించినకొలది రొద పెరిగి స్వరము మాయును. 1982లో సి.డి. వచ్చెను. అది మొదలు పాట అంకెలుగా మాఱినది. సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను వ్రాసియుంచుటయే దాని మర్మము. అంకెల కొక గొప్ప గుణము గలదు. నూఱు మారులు ప్రతి తీసినను నూఱవ ప్రతి మొదటి ప్రతియే. ఏ లేఖకునికిని దొరకని భాగ్యమిది.

అయినను ఈ భాగ్యము చేత నుండియు నేను మోసపోతిని. మా తల్లిగారు పెండ్లిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు నలువదికి పైగా నెఱిగియుండిరి. 1987లో వానిని రెండు కేసెట్లలో పాడించి దాచితిని. ఆమె 1994లో పరమపదించిరి. 2010లో మా మేనల్లుడు వానిని కంప్యూటరు డిస్కులో నెక్కించెను. పని ముగిసెనని తలచి, ఇంటికి సున్నము వేయించు సందడిలో కేసెట్లను నేనే పాఱవేయించితిని. 2016లో ఆ డిస్కు టకటకమని చప్పుడు చేసి యూరకుండెను. పట్టణమునకు గొనిపోయి చూపించితిని, లాభము లేకపోయెను. అదృష్టవశమున మా చెల్లెలు తన కూతురి పెండ్లి నిమిత్తము పదునొకండు పాటలను అంతకు మునుపే యొక పెన్ డ్రైవులో నడిగి తీసికొనియుండెను. ఆ పదునొకండే మిగిలినవి. పోయినవానిలో నప్పగింతల పాట యొకటి. దాని చరణములు రెండు నాకు నోటికి వచ్చును. మట్టు రాదు. రాగిరేకుల కథ మా యింటను జరిగినదని యప్పుడు తెలిసికొంటిని.

ఇట్టిది గొప్ప సంస్థలకును తప్పలేదు. మైస్పేస్ అను నంతర్జాల సంస్థలో లోకమందలి గాయకులు లక్షలకొలది పాటలుంచిరి. యంత్రములు మార్చునప్పుడు 2015కు పూర్వపు పాటలు నశించినవని 2019లో లోకమునకు తెలిసెను. పరుల కొట్టిడిలో నుంచినంత మాత్రమున రక్షణ కలిగెనని యెంచరాదు. నెలకింతయని రుసుము గట్టి వినెడి పాట మన సొత్తు కాదు. హక్కుల యొడంబడిక తీఱినచో నది కనబడకుండ పోవచ్చును. వినుటకు దానిని వాడుకొనుడు. దాచుటకు దానిని నమ్మకుడు.

మఱి గృహస్థుడు చేయవలసినదేమి? నాకు తోచినవి నాలుగు మాటలు.

మొదటిది, దాచు రూపము. ఎం.పి.త్రీ అను రూపము చెవికి తక్కువగ పట్టు ధ్వనులను తీసివైచి పాటను చిన్నది చేయును. తీసినది తిరిగి రాదు. ఫ్లాక్ అను రూపము పాటను సుమారు సగమునకు కుదించును గాని యేదియు పాఱవేయదు. ఒకటి పంచెను కత్తిరించుట, రెండవది మడతపెట్టుట. మూలప్రతిని మడతపెట్టి దాచుడు. సెల్ఫోనులో వినుటకు కత్తిరించినది చాలును. ఒక టెరాబైటు డిస్కులో ఫ్లాక్ పాటలు ఇంచుమించు మూడువేల గంటలు పట్టును. ఒక కుటుంబమున కది యెక్కువే.

రెండవది, ప్రతుల సంఖ్య. డిస్కులో తిరుగు పళ్ళెములుండును. అవి కొన్నేండ్లకు చెడవచ్చును. పెన్ డ్రైవును చిరకాలము వాడక పడవైచిన దానిలోని విద్యుత్తు మెల్లగ జాఱిపోవచ్చును. ఇంట వ్రాసిన సి.డి.లోని రంగు వెలయును. చెడని వస్తువు లేదు గనుక, వస్తువును గూర్చి వాదులాడక ప్రతులను పెంచుడు. మూడు ప్రతులుండవలెను. రెండు మీ యింట, ఒకటి మఱియొక యూర. రైతు విత్తనములన్నియు నొక్క పాతరలో పోయడు గదా!

మూడవది, పేరు. అన్నమయ్య తొలి రాగిరేకుపై ఆయన పదునాఱవ యేట, శక సంవత్సరము 1346, క్రోధి నామ సంవత్సరము మొదలుకొని సంకీర్తనలు చెప్పిరని వ్రాసియున్నది. ఆ వ్రాతయే లేకున్న నాయన పుట్టిన యేడు మనకు తెలియకపోవును. ప్రతి పాటకును పాట పేరు, పాడినవారు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. పాటకు ముందు పాడువారిచేతనే తమ పేరు చెప్పించినచో మఱియు మేలు.

నాలుగవది, తిరుగవేయుట. తమలపాకుల కట్టనైన తిరుగవేయనిదే కుళ్ళును. ఏడాది కొకమారు, సంక్రాంతికో యుగాదికో, మూడు ప్రతులను తెఱచి వినుడు. పలుకనిదానికి మఱియొక ప్రతి తీయుడు. ఐదాఱేండ్ల కొకమారు క్రొత్త డిస్కులోనికి మార్చుడు. క్రొత్తది పలుకుచున్నదని యెఱుగక పాతది పాఱవేయకుడు. నా తప్పును మీరు చేయకుడు.

ఇన్నిటికంటె ముఖ్యమైన దొకటి మిగిలినది. మా చెల్లెలు పాటలను దాచుటకు తీసికొనలేదు. పెండ్లిలో పాడించుటకు తీసికొనెను. అవసరముపడి యడిగినవారి చేత పాట బ్రదికినది. మీ యింట పాడగల వృద్ధురాలున్నచో, ఈ వారములోనే యామెచేత పాడించి వ్రాయుడు. ఒక ప్రతిని మీ కూతునకో కోడలికో యిచ్చి, నేర్చుకొమ్మనుడు. మీ డిస్కు మూగవోయిననాడు వరుస చెప్పగల కంఠ మొకటి యుండును.