ఉప్పెన లెక్క, ఓట్ల లెక్క
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కార్తీకమాసం వచ్చిందంటే మనం తెల్లవారకముందే లేచి దీపాలు వెలిగిస్తాం. మా అత్తగారు మాత్రం అందరికంటే మూడు దీపాలు ఎక్కువ పెడతారు. ఒకటి ఆవిడ చెల్లెలికి, రెండు ఆ చెల్లెలి పిల్లలకి. 1977 నవంబరు 19వ తేదీ శనివారం నాడు నాగాయలంక దిగువన ఉప్పెనలో కొట్టుకుపోయారు వాళ్లు. శవాలు దొరకలేదు. శవం దొరకలేదు గనుక చాలాకాలం ఏ లెక్కలోనూ వాళ్ల పేర్లు లేవు. ఈవేళ నేను మాట్లాడబోయేది ఆ లెక్క గురించే.

నా పుట్టిల్లు గుడివాడ. అత్తవారిది దివిసీమ. కాపురం బందరులో. చదివింది పదో తరగతి. చరిత్ర పండితులు చెప్పే తీరు నాకు చేతకాదు. ఇంట్లో విన్నదీ, పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నదీ మీతో పంచుకుంటాను.

దివిసీమ అంటే కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోగా మధ్యన మిగిలిన నేల. మూడు వైపులా నీళ్లే. ఆ శనివారం గంటకు రెండువందల కిలోమీటర్లు మించిన గాలి వీచింది. దాని వెనకే అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం లేచి, పది కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఈ పేర్లు చెబితే ఇప్పటికీ మా ఇంట్లో పెద్దవాళ్లు మాట ఆపేస్తారు. మా వారు అప్పటికి రెండేళ్ల పిల్లాడు. మా అత్తగారు ఆయన్ని పమిటతో నడుముకి కట్టుకుని డాబా మెట్లు పట్టుకుని బతికారు. చెల్లెలిది పాక. ఇంకేం చెప్పను!

పోయినవాళ్లెందరు? పదివేలని కొందరన్నారు. పద్నాలుగు వేలు దాటిందని ఇంకో లెక్క. ఎందుకింత తేడా? శవాలు కొన్ని సముద్రంలోకి పోయాయి, కొన్నింటిని గుర్తుపట్టేందుకు ఇంటివాళ్లే మిగల్లేదు. కాని సోదరీమణులారా, ఆ లెక్క తేలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి.

ఆనాటి పరిస్థితి ఒకసారి గుర్తుచేసుకుందాం. ఎమర్జెన్సీ తర్వాత 1977 మార్చిలో ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చింది. మన రాష్ట్రంలో మాత్రం 42 పార్లమెంటు స్థానాల్లో 41 కాంగ్రెసే గెలిచింది. హైదరాబాదులో జలగం వెంగళరావుగారి కాంగ్రెసు ప్రభుత్వం. అంటే ఢిల్లీది ఒక జెండా, హైదరాబాదుది ఇంకో జెండా. ఈ రెంటి నడుమ దివిసీమ. ప్రభుత్వం మృతుల సంఖ్య తక్కువ చేసి చెబుతోందని ప్రతిపక్షాలు దుమ్మెత్తిపోశాయి. 1978 జనవరిలో కాంగ్రెసు కూడా చీలింది. ఫిబ్రవరి 25న శాసనసభకు పోలింగు. ఉప్పెనకీ పోలింగుకీ మధ్య సరిగ్గా 98 రోజులు. ఇందిరాగాంధీగారి కాంగ్రెసుకు 294లో 175 స్థానాలు వచ్చాయి. జనతాకు 60. వెంగళరావుగారి పక్షానికి 30 మాత్రమే. మర్రి చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా తుఫాను వల్లే జరిగిందంటే తప్పవుతుంది. కారణాలు చాలా ఉన్నాయి. కాని ఆ 98 రోజులూ తీరం మీద బతికిన ఆడదానికి ఎలా గడిచాయో మా అత్తగారి నోట విన్నాను. అది చెబుతాను.

సంక్రాంతి వెళ్లాక ఒకాయన జీపులో వచ్చాడట. "మీ చెల్లెలి పేరు జాబితాలో చేర్పిస్తాను, మీ ఇంట్లో ఓట్లెన్ని?" అని ఒక్క ఊపిరిలో అడిగాడట. వారం తిరక్కుండా ఎదుటి పక్షం ఆయన వచ్చి, "మీ చెల్లెల్ని చంపింది వాళ్లే, గుర్తుపెట్టుకుని గుద్దండి" అన్నాడట. "ఒకాయన దాని పేరు బేరం పెట్టాడు, ఇంకొకాయన దాని చావు బేరం పెట్టాడు. ఆ పిల్లల పేర్లేమిటమ్మా అని మాత్రం ఇద్దరూ అడగలేదు" అంటారావిడ. తర్వాత బళ్లో మాస్టారొకరు నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ, అంటే ఇల్లుండే చోటల్లా తిరిగి, పేరు, వయసు, తండ్రి పేరు రాసుకున్నారట. ఆ పుస్తకం మూలంగానే ఆ ముగ్గురూ లెక్కలోకి ఎక్కారు. "ఆయనది ఏ పార్టీ అత్తయ్యా?" అని నేనడిగితే, "నేనడగలేదమ్మాయ్, ఆయన చెప్పలేదు" అన్నారు.

ఇలాంటిది మన ఒక్కచోటే జరిగిందనుకోకండి. 1970 నవంబరు 12న తూర్పు పాకిస్తానులో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, భోలా తుఫాను వచ్చింది. మూడు లక్షల మందికి తక్కువ కాకుండా పోయారు. సరిగ్గా 25 రోజులకు, డిసెంబరు 7న, ఎన్నికలు. పడమటి పాలకులు తమను పట్టించుకోలేదన్న కోపంతో జనం అవామీ లీగుకు అక్కడి 162 స్థానాల్లో 160 కట్టబెట్టారు. ఆ తీర్పును పాలకులు మన్నించలేదు. మరుసటేడు రక్తపాతం, కొత్త దేశం. సముద్రం పోసిన కన్నీళ్ల మీద మనుషులు మంట పెడితే అది ఎంతదూరం పోతుందో చూడండి.

మరి కష్టకాలంలో రాజకీయమే వద్దందామా? నేనలా అనలేను. ఎందుకంటే మా బందరుకి ఇంకో జ్ఞాపకం ఉంది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఇదే సముద్రం బందరు మీదకి వచ్చి సుమారు 30 వేల మందిని తీసుకుపోయింది. అప్పుడు తెల్లదొరల పాలన. ఎవరికీ ఓటు లేదు. ఓటు లేని జనం ఎవరిని నిలదీస్తారు? 1977లో మంత్రులూ నాయకులూ బురదలో దిగి వచ్చారంటే, ఆ బురదలో ఓటు ఉంది గనుకనే. ఓటు మన చేతి కర్ర. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే ప్రశ్న.

చరిత్ర పాఠంలో మితవాదులు, అతివాదులు అని చదువుకున్నాం. నా మటుకు నాకు మితవాది అంటే మెత్తగా మాట్లాడి ఊరుకునే మనిషి అని అర్థం కాదు. ఎదుటి పార్టీ లారీలో వచ్చిన బియ్యాన్ని కూడా దింపించుకుని పంచేవాడు మితవాది. అలాంటివాళ్లు లేకపోలేదు. అవనిగడ్డ నుంచి గెలిచి వెంగళరావుగారి ప్రభుత్వంలో విద్యామంత్రిగా చేసిన మండలి వెంకటకృష్ణారావుగారిని జనం దివిసీమ గాంధీ అన్నారు. రామకృష్ణ మిషన్ వారు, క్రైస్తవ సేవాసంఘాల వారు, ఆరెస్సెస్ వారు, కమ్యూనిస్టులు, ఎవరి దారి వారిదయినా దివిసీమలో పనిచేశారు. మదర్ థెరీసా వచ్చారు. మా గుడివాడ ప్రాంతపు బిడ్డలు ఎన్టీఆర్, ఏయన్నార్ జోలె పట్టి చందాలు పోగుచేశారు. మా అమ్మవాళ్ల వీధి ఆడవాళ్లు రాత్రంతా మేలుకుని పులిహోర పొట్లాలు కట్టారట. తినేవాళ్లది ఏ పార్టీ అని పొట్లం కట్టేవాళ్లు అడగలేదు. 1983లో రామారావుగారి తెలుగుదేశం గాలి రాష్ట్రమంతా వీచినప్పుడు గుడివాడ ఆయన్ని గెలిపించింది. అదే ఏడు అవనిగడ్డ మాత్రం కాంగ్రెసు అభ్యర్థి మండలివారినే గెలిపించింది. జనానికి జెండా వేరు, మనిషి వేరు అని తెలుసు.

ఇక అసలు మాట. 1990 మే 9న మళ్లీ అలాంటి తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరాన్ని కొట్టింది. ఈసారి పోయినవారు వెయ్యికి లోపు. అదీ తక్కువని అనను, కాని 1977తో పోలిస్తే పదోవంతు కూడా లేదు. ఎందుకు? ముందే హెచ్చరించారు. లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. నడుమ ఆ పదమూడేళ్లలో తీరాన తుఫాను షెల్టర్లు లేచాయి, బందరులో రాడార్ వచ్చింది. ఆ పదమూడేళ్లలో కాంగ్రెసు ఏలింది, తెలుగుదేశం ఏలింది, మళ్లీ కాంగ్రెసు వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ఆ పని సాగనిచ్చారు గనుక అన్ని ప్రాణాలు నిలిచాయి. ఆ షెల్టరు గోడ మీద ఓట్లు రాలవు. గోడకి సున్నం వేయించిన వాడికి పూలదండ పడదు. అయినా తల్లుల్ని, పిల్లల్ని కాపాడింది ఆ గోడే.

ఇప్పుడు మాత్రం ఏం మారింది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, ఇళ్లలో నీళ్లు తీయకముందే తప్పెవరిదన్న తగవు మొదలైంది. తప్పు ఎవరిదో తేలవలసిందే. కాని ముందు నీళ్లు తీయాలి కదా!

అందుకని నాదొక చిన్న మనవి. ఓటడగడానికి మన గుమ్మంలోకి వచ్చినవాళ్లని కొన్ని ప్రశ్నలు అడుగుదాం. మన ఊరి తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది? అందులో ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందా? కరకట్ట గండి ఎప్పుడు పూడుస్తారు? ఎదుటి పార్టీ మొదలుపెట్టిన పనిని మీరు పూర్తి చేస్తారా? ఈ చివరి ప్రశ్నకి తడుముకోకుండా "చేస్తాను" అన్నవాడే మనకి కావలసిన మనిషి. ఎదుటివాణ్ణి తిట్టి జవాబు దాటేసిన వాడికి మంచినీళ్లిచ్చి పంపించేయండి.

మా అత్తగారు ఏనాడూ ఓటు మానలేదు. ఎవరికి వేశారో మాకు చెప్పలేదు. ఒకసారి నేను గట్టిగా అడిగితే, "నోటుపుస్తకం పట్టుకొచ్చేవాడు ఎవడా అని చూస్తున్నానమ్మాయ్" అన్నారు.