కండ పెరిగితే చదువు పెరుగుతుందా?

కండలు తిరిగినవాడికి బుద్ధి మందమని వెనుకటి మాట. బరువులెత్తితే మెదడు పదునెక్కుతుందని ఇప్పటి మాట. బెల్లంపల్లిలో కొలువు పరీక్షలకు చదివే పిల్లలకు రెండూ సరిపోవు.

మొదటిదాన్ని తాలింఖానాల (పాత వ్యాయామశాలల) కాలమే కాదంది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం బడిలో పిల్లలకు నేర్పాడు. అయితే బరువు మోసిన ప్రతివాడిదీ సాధన కాదు. బెల్లంపల్లి బాయిల్లో తట్టా చెమ్మాస్ (పార)తో బొగ్గు నింపినవాళ్లకు కండ వచ్చింది, దాంతోపాటే ఒళ్లు హూనమైంది. విశ్రాంతి లేని మోత వేరు, కొలతతో పెంచే బరువు వేరు.

అసలు పేచీ రెండో మాటతోనే. దానికి ఆధారంగా చూపే పరిశోధనలు ఎక్కువగా ముసలివాళ్ల మీద జరిగినవి. 2007లో బ్రెజిల్‌లో వృద్ధ పురుషులకు బరువులతో శిక్షణ ఇస్తే జ్ఞాపకశక్తి మెరుగైంది. 2010లో కెనడాలో 65 నుంచి 75 ఏళ్ల మహిళలు 155 మందిని ఏడాదిపాటు చూశారు. వారానికి ఒకటి రెండుసార్లు బరువులెత్తినవాళ్ల ఏకాగ్రత పెరిగింది. వయసుతో తగ్గుతున్నదాన్ని నిలబెట్టడం అది. ఇరవై ఏళ్ల మెదడుకు ఆ తరుగు లేదు కదా!

యువకుల సంగతికొస్తే 2009లో స్వీడన్ నుంచి పెద్ద లెక్క వచ్చింది. సైన్యంలో చేరే వేళ పరీక్షించిన 12 లక్షల మంది యువకుల్లో తెలివితో గట్టిగా ముడిపడింది గుండె దమ్మే, కండబలం కాదు. దీన్నిబట్టి బరువులు వృథా అనలేం. అక్కడ కొలిచింది ఉన్న బలాన్ని, చేసిన సాధనను కాదు. పైగా రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. అదే ఏడు అమెరికాలో జరిగిన చిన్న ప్రయోగంలోనూ పరుగు తర్వాత యువకుల తక్షణ జ్ఞాపకం మెరుగైంది, బరువుల తర్వాత కాలేదు. 2014లో అక్కడి జార్జియా టెక్ విశ్వవిద్యాలయం ఎదురు సాక్ష్యం చూపింది. 90 బొమ్మలు చూశాక కాళ్లతో బరువు నెట్టినవాళ్లకు రెండు రోజుల తర్వాత సుమారు 10 శాతం ఎక్కువ గుర్తున్నాయి. కానీ అక్కడున్నది 46 మందే, చేయించింది ఒక్క పూట.

ఈ కొద్దిపాటి ఆధారంతో జిమ్ముకొస్తే ర్యాంకు వస్తుందన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. తమ్ముళ్లూ, బరువులెత్తండి. ఎముకకు, కండకు, మనసుకు మంచిదే. పరుగు మాత్రం మానకండి, నిద్ర తగ్గించుకుని జిమ్ముకు పోకండి.